ట్రాలీ నిండుట వేరు, బరువు నిండుట వేరు



పత్తి ఏరుట మొదలయిన దినములలో దేవరకొండ బాటమీద గాని, జడ్చర్ల బాటమీద గాని ఒక గంటసేపు నిలువబడి చూడుడు. ట్రాక్టరు కనబడదు. దాని వెనుక నడచివచ్చు తెల్లని గుట్ట మాత్రము కనబడును. ట్రాలీ పలకలకు కర్రలు నిలిపి, గోనెపట్టాలు కట్టి, మనిషి పైకెక్కి తొక్కి తొక్కి నింపిన పత్తి అది. దానిపై ఇద్దరు ముగ్గురు మనుషులు పండుకొని యుందురు. వరికోతల కాలమున ఇదే ట్రాలీ వడ్లతో ఐ.కె.పి. కేంద్రమునకు, ఎండాకాలమున ఇసుకతోను మట్టితోను, అంగడినాడు గొర్రెలతోను బర్రెలతోను, జాతరనాడు పిల్లాజెల్లాతోను నిండును. ఒకే బండితో ఇన్ని పనులు జరుగుట రైతునకు మేలే. కాని ఇన్ని పనులలో ఏ ఒక్క దానికైనను “ఈ ట్రాలీ ఎంత బరువు మోయవచ్చును?” అని అడిగినవారిని నేను అరుదుగా చూచితిని. విస్తరణ పనిమీద నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెలు తిరుగుచుండు నాకు వినబడు మాట ఒక్కటే: “ఇంకా పట్టుతది, వేయి.”

పట్టుట వేరు, మోయుట వేరు. ఈ తేడాను గూర్చియే నేను మీతో రెండు మాటలు చెప్పదలచితిని.

మొదట చట్టమేమనునో చూతము. 1988 నాటి మోటారు వాహనముల చట్టమున ట్రాక్టరునకు ఇచ్చిన అర్థము చిత్రమైనది. తనపై ఏ సరకును మోయుటకు నిర్మింపబడని మోటారు వాహనమే ట్రాక్టరు. అనగా అది లాగునది, మోయునది కాదు. మోయునది ట్రాలీ, చట్టము దానిని ట్రెయిలరు అనును. దానికి వేరుగా రిజిస్ట్రేషను ఉండవలెను, వేరుగా నంబరు ఉండవలెను. ఆ పత్రములో ఖాళీ బరువు ఇంత, సరకుతో కలిపి మొత్తము బరువు ఇంత అని రెండు అంకెలు వ్రాసియుండును. రెండవ అంకెలోనుండి మొదటి అంకె తీసివేసిన మిగులునదే మీరు వేయదగిన సరకు. ఈ చిన్న తీసివేత చేయుటకు పెద్ద చదువు అక్కరలేదు. అయినను ఆ పత్రము ఇంటిలో ఇనుపపెట్టె అడుగున ఉండును. పలకల ఎత్తే మనకు కొలత అయినది.

పలకల ఎత్తు ఎట్లు మోసము చేయునో ఒక లెక్క చెప్పెదను. పొడవు 10 అడుగులు, వెడల్పు 6 అడుగులు, ఎత్తు 2 అడుగులు గల ట్రాలీని తీసికొనుడు. లోపల 120 ఘనపుటడుగులు, అనగా సుమారు 3.4 ఘనపు మీటర్లు పట్టును. దానిని పలకల మట్టమునకు వడ్లతో నింపిన బరువు సుమారు 2 టన్నులు, అనగా 40 కిలోల బస్తాల లెక్కన 50 బస్తాలు. అదే ట్రాలీని అదే మట్టమునకు ఎండిన ఇసుకతో నింపిన 5 టన్నులు దాటును. వాగులోనుండి అప్పుడే తోడిన తడి ఇసుకయైన 6 టన్నులకు పైబడును. చూచువానికి రెండును ఒకటే మట్టము. లాగు ఇంజనుకు, ఆపు బ్రేకునకు మాత్రము ఒకటి కాదు. వడ్లకు అలవాటుపడిన చేయి ఇసుకకు అదే గీత చూచినచో మూడింతల బరువును వెంటబెట్టుకొని పోవుచున్నట్లే. వడ్లలో గూడ తేడా కలదు. మిషనుతో కోసి కల్లమున ఆరబెట్టకయే నింపిన పచ్చివడ్లు ఎండిన వడ్లకన్న బరువు.

ఇక ఆపుట. మన పల్లెలలోని 45 అశ్వశక్తుల ట్రాక్టరు తన బరువు 2 టన్నులకు అటునిటు. దాని బ్రేకులు వెనుక చక్రములకే పనిచేయును. మన ట్రాలీలలో చాలవాటికి సొంత బ్రేకు లేదు. ఉన్నవాటిలోను గొట్టము తగిలింపక వ్రేలాడదీసినవే ఎక్కువ. కాబట్టి 6 టన్నుల ట్రాలీని వెనుక కట్టుకొన్న ట్రాక్టరు తన రెండు చక్రములతోనే 8 టన్నులను ఆపవలెను. వేగము రెట్టింపయిన ఆగు దూరము నాలుగింతలగును. సమతలమున ఎట్లో ఆపవచ్చును. మన నేల సమతలము కాదు గదా! చెల్కలు, గుట్టలు, వాగుల దిగుడులు, చెరువు కట్టల ఎక్కుడులు. దిగుడులో ట్రాలీ ట్రాక్టరును నెట్టును. ముందున్నది నిలిచినను వెనుకనున్నది నిలువదు. కొక్కెము దగ్గర రెండును కత్తివలె మడిచికొనును.

ఒక చెరువు కట్ట దిగుడులో నేను చూచిన సంగతి ఇది. పత్తి ట్రాలీ దిగుచుండగా డ్రైవరు బ్రేకు త్రొక్కినాడు. ట్రాక్టరు ఎడమకు గుంజి కట్టవారన తుమ్మచెట్టునకు తగిలి ఆగినది. పత్తి బోర్ల పడినది, మనుషులకు గీతలు మాత్రమే తగిలినవి. తరువాత చూడగా ట్రాక్టరులో లోపమేమియు లేదు. ట్రాక్టరునకు ఎడమ చక్రమునకు ఒకటి, కుడి చక్రమునకు ఒకటి రెండు బ్రేకు పెడళ్లుండును. దున్నునప్పుడు మడి మూలన తిరుగుటకు అవి వేరువేరుగా కావలెను. బాట ఎక్కగానే రెండింటిని కలిపి గొళ్లెము వేయవలెను. ఆ డ్రైవరు ఉదయము చెల్కలో పని చేసి, గొళ్లెము వేయక బాట ఎక్కినాడు. ఒక వ్రేలితో వేయు గొళ్లెము! బాట ఎక్కుటకు ముందు మీరును ఒకసారి క్రిందికి చూడుడు. దిగుడు మొదలగుటకు ముందే చిన్న గేరు వేయుడు. సగము దిగినాక గేరు మార్చబోకుడు. డీజిలు మిగులునని గేరు తప్పించి వదలువారు కలరు. వారు మిగుల్చునది చెంచాడు నూనె.

కొక్కెము విషయము కొంచెము చెప్పక తప్పదు. ట్రాలీని ట్రాక్టరు క్రిందిభాగమున, వెనుక ఇరుసు మట్టమునకు దిగువనే తగిలింపవలెను. అంతకన్న పైన ఎక్కడ తగిలించినను ఎక్కుడులో ముందు చక్రములు లేచును, ట్రాక్టరు వెనుకకు తిరుగబడి డ్రైవరుమీద పడును. తిరుగబడుటకు పట్టు కాలము దిగి తప్పించుకొనుటకు చాలదు. తగిలించు పిన్ను గట్టిదై, క్రింద చీల వేసినదై యుండవలెను. ఇంటిలో దొరికిన గడ్డపార ముక్క పిన్ను కాదు. గొలుసు ఒకటి అదనముగా కట్టిన మంచిది. రెండు చక్రముల ట్రాలీ అయినచో సరకు ముందుభాగమున కొంచెము ఎక్కువ ఉండవలెను. వెనుకకు ఎక్కువయిన త్రాసు తేలినట్లు ముందుభాగము లేచి ట్రాక్టరు వెనుక చక్రములను గూడ లేపును. అప్పుడవి నేలను పట్టవు.

ఇంతవరకు చెప్పినది డ్రైవర్లకు తెలియని సంగతి కాదు. పది సంవత్సరములు తోలినవానికి నాకన్న బాగుగా తెలియును. మరి ఎందుకు వేయుచున్నాడు? ఇక్కడ నా అభిప్రాయము కొందరికి రుచింపకపోవచ్చును. తప్పు డ్రైవరుది సగమే. మిగిలిన సగము సరకుగల రైతుది, అనగా మనది. కిరాయి ట్రిప్పుకు ఇంత అని మాటలాడుకొందుము. ట్రిప్పునకు కిరాయి ఇచ్చువాడు రెండు ట్రిప్పుల సరకు ఒక ట్రిప్పులో పోవలెనని కోరుట సహజము. “చాలును” అన్న డ్రైవరును వదలి “పట్టుతది” అన్న డ్రైవరును పిలుతుము. మరునాటినుండి మొదటివాడును “పట్టుతది” అననేర్చును. కిరాయిని క్వింటాలునకు ఇంత అని కట్టి, ట్రిప్పునకు ఇన్ని క్వింటాళ్లకు మించి వేయరాదని ముందే చెప్పుకొన్నచో రెండుసార్లు పోయినందుకు డ్రైవరునకు నష్టముండదు, మనకు దాచిన లాభము కొంత తగ్గును. ఆ తగ్గినది ఎంత? జిన్నింగు మిల్లు దూరమునుబట్టి డీజిలు, ఒక పూట. విరిగిన ఇరుసు, పగిలిన టైరు, తడిసిన పత్తి దానికి ఎదురుగా వేసి చూడుడు. వరుసలో ముందు నిలువవలెనను తొందర రైతునకు ఉన్నదని నేనెరుగుదును. కొనుగోలు కేంద్రము ముందు రెండు రాత్రులు కాచిన రైతు మరల ట్రాలీ తెచ్చి మరల కాచుమన్న వినడు. ఆ కష్టము నిజమైనది. దానికి మందు కేంద్రములు పెంచుట, దినములు పంచి చీటీలు ఇచ్చుట. ట్రాలీపై ఇంకొక టన్ను వేయుట కాదు.

చట్టము గూడ ఈ సంగతి ఎరుగును. రిజిస్ట్రేషను పత్రములోని మొత్తము బరువు మించి తోలరాదని 113వ సెక్షను చెప్పుచు, తోలినవాడు యజమాని కానప్పుడు యజమానికి తెలిసియే, లేక అతని ఆజ్ఞమీదనే జరిగినదని కోర్టు భావింపవచ్చునని గూడ చెప్పినది. 2019లో కేంద్రము సవరించిన 194వ సెక్షను ప్రకారము అధిక బరువునకు 20,000 రూపాయలు, పైన మించిన ప్రతి టన్నునకు 2,000 రూపాయలు జరిమానా. మించిన సరకును దింపించు ఖర్చు గూడ వారిదే. పక్కలకు, వెనుకకు, పైకి హద్దు మీరి పొడుచుకొనివచ్చు సరకునకు గూడ శిక్ష కలదు. పత్తి, వరిగడ్డి వేయువారు ఈ మాట గమనింపవలెను. బరువు తక్కువే కదా అని తప్పించుకొనుటకు లేదు. గడ్డి ట్రాలీ వేలాడు కరెంటు తీగకు తగిలి బాటమీదనే కాలిపోవుట మన జిల్లాలలో ఎరుగని సంగతి కాదు. ఊరి బాటలో తీగ ఎక్కడ జారినదో లైన్‌మనుకు చెప్పి లాగించుకొనుట గడ్డి కట్టుటకు ముందు పని.

దేశదేశములలోను ఈ హద్దు కలదు. బ్రిటనులో 2015లో ట్రాక్టరు, ట్రెయిలరు కలిసిన మొత్తము బరువు హద్దును 31 టన్నులకు పెంచినారు గాని, ట్రెయిలరు హద్దును మాత్రము 18.29 టన్నుల వద్ద కదలనీయలేదు. అంత పెద్ద యంత్రములు గలవారే వెనుకనున్న దాని విషయమున అంత జాగ్రత్త పడిరి.

ఇప్పుడు చెప్పుటకు కష్టమైన మాట. 2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా పి.ఎ.పల్లి మండలము వద్దిపట్ల దగ్గర కూలీలతో పోవుచున్న ట్రాక్టరు ఏ.ఎం.ఆర్. ప్రాజెక్టు కాలువలో పడి 9 మంది మరణించిరి. మూడు నెలలు నిండకముందే, జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలము వేములకొండ దగ్గర మరియొక ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది పోయిరి. వారిలో దాదాపు అందరును పొలము పనికి బయలుదేరిన ఆడకూలీలు. అధిక బరువే వీటికి కారణమని నేననుట లేదు. కాని రెండు చోట్లను మనుషులు ట్రాలీలో ఉండిరి, బాట కాలువ వెంట ఉండెను. ట్రాలీ బోర్లపడిన లోపలివారు దాని క్రిందనే చిక్కుదురు, నీటిలోనయిన చెప్పనక్కరలేదు. కాలువకట్ట బాటలు కాలువను చూచుకొనుటకు వేసినవి. వాటికి అడ్డగోడ లేదు, ఎదురుబండికి తావు లేదు.

బస్సు రాని తండాలోనుండి ఇరువదిమంది కూలీలను మిరపతోటకు ఎట్లు తెత్తుమని మీరడుగుదురు. న్యాయమైన ప్రశ్న. ఆటోలో ఎన్ని సీట్లకు అనుమతి యున్నదో అంతమందిని, రెండు మూడు విడతలుగా తేవచ్చును. అయ్యెడి ఖర్చు ఇద్దరు ముగ్గురు రైతులు పంచుకొనవచ్చును. మేస్త్రీతో కూలి మాటలాడునప్పుడే బండి సంగతియు మాటలాడవలెను. కూలి రేటు తెగినంతసేపు పట్టదు ఈ మాట తెగుటకు. భీమా ఉన్నదిగదా అను ధైర్యము గూడ వలదు. ఇటుకబట్టీకి మట్టి తోలు ట్రాలీలో కూర్చుండి పోవుచు ప్రమాదమునకు గురియైన ఒక కూలి వ్యాజ్యమున, అట్టివానికి నష్టపరిహారమిచ్చు బాధ్యత భీమా కంపెనీది కాదని 2007లో సుప్రీంకోర్టు చెప్పినది. ఆ పేదవాని స్థితి చూచి కంపెనీ ముందు చెల్లించి యజమానివద్ద రాబట్టుకొనవలెనని ఆజ్ఞాపించినది. కడకు యజమాని మెడకే చుట్టుకొనును.

పశువుల సంగతి మనుషుల సంగతికన్న ఒక విధముగా చిక్కైనది. వడ్లబస్తా వేసినచోట ఉండును, బర్రె ఉండదు. మలుపులో అన్నియు ఒకవైపునకు ఒరుగును, వాటి బరువు నేలమీద గాక పైన ఉండును. అందుచేత తక్కువ బరువుతోనే బండి బోర్లపడును. 1978 నాటి పశురవాణా నియమములు చెప్పునది ఏమనగా: ఒక లారీలో ఆరింటికి మించి ఆవులను, ఎడ్లను, బర్రెలను ఎక్కింపరాదు, అవి ఇంజను వైపు మొగము పెట్టి నిలువవలెను, అడుగున జారకుండ కొబ్బరిపీచు చాపగాని చెక్కపలకలుగాని వేయవలెను, వెంట ఒక మనిషి ఉండవలెను, వాటితో పాటు వేరు సరకు వేయరాదు, ప్రయాణమునకు తగియున్నవని పశువైద్యుని సర్టిఫికెటు కావలెను. 2015లో కేంద్ర మోటారు వాహన నియమములలో చేర్చిన 125-ఇ నియమము ఒక్కొక్క ఆవునకు గాని బర్రెకు గాని 2 చదరపు మీటర్లు, గొర్రెకు మేకకు 0.3 చదరపు మీటరు చోటు ఉండవలెనని, మధ్య స్థిరమైన అడ్డములు ఉండవలెనని చెప్పినది.

మన 10 అడుగుల ట్రాలీకి ఈ లెక్క వేయుడు. అడుగు వైశాల్యము 5.6 చదరపు మీటర్లు. రెండు బర్రెలు పట్టును. మూడవదానికి చోటు లేదు. గొర్రెలు 18. 2017లో రాష్ట్రప్రభుత్వము పంచుట మొదలిడిన గొర్రెల యూనిటు 20 గొర్రెలు, ఒక పొట్టేలు; ఆ ఒక్క యూనిటైనను ఈ ట్రాలీలో న్యాయముగా పట్టదు. పెబ్బేరు అంగడినుండి ముప్పది నలువది జీవాలను ఒక ట్రాలీలో కుక్కి తెచ్చుట చూచుచునే యున్నాము. బ్రేకు పడగానే అన్నియు ముందుకు దొర్లి ఒకదానిమీద ఒకటి పడును. అడుగున పడినది ఊపిరాడక చచ్చును. ఇంటికి తెచ్చి దింపినప్పుడు గాని అది తెలియదు. అంగడిలో తలకు వంద రూపాయలు తగ్గించుటకు పూటంత బేరమాడినవాడు, బాటలో ఒక గొర్రెనే పోగొట్టుకొనును. నన్నడిగినచో అడ్డములు లేని ట్రాలీ పశువులకు తగినది కాదు. రోగపు పశువును దగ్గరి పశువైద్యశాలకు తీసికొనిపోవుట వంటి అవసరమునకు, నెమ్మదిగా, ఒకటి రెండింటితో వాడుకొనవలెనే గాని, మండలములు దాటు దూరమునకు అమర్చిన వాహనమే మేలు. చూడిపశువును నెలలు నిండినాక అసలే కదలింపరాదు. అడుగున 5 సెంటీమీటర్ల మందము గడ్డి పరచుడు, పగ్గము మెడకు ఉరిపడకుండ ఒక్క గుంజుతో ఊడు ముడి వేయుడు, ఎండాకాలమున చల్లని వేళనే బయలుదేరుడు.

ఎడ్లబండిగల పెద్దలు ఇదంతయు ట్రాక్టరువారి గొడవ అనుకొనరాదు. బండిలాగు పశువుల రక్షణకు 1965లోనే నియమములేర్పడినవి. బరువు హద్దు ఎద్దు పరిమాణమునుబట్టి, చక్రమునుబట్టి మారును. ఇనుపపట్టా చక్రమునకు తక్కువ, గాలిటైరునకు ఎక్కువ. ముప్పది మీటర్లకు మూడు మీటర్లకన్న ఎక్కువ లేచు ఎక్కుడు కిలోమీటరు సాగినచో ఆ బరువు సగమే. దినమునకు 9 గంటలకు మించి, విరామము లేక 5 గంటలకు మించి పని చేయింపరాదు. వేడి 37 డిగ్రీలు దాటుచోట మధ్యాహ్నము 12 నుండి 3 వరకు కాడి దింపవలెను. మన రెండు జిల్లాలలో ఏప్రిల్, మే నెలలందు ఇది దాదాపు ప్రతిదినపు మాట. ఎద్దు మాట్లాడదు గాని మెడమీద కాయ మాట్లాడును.

రాత్రివేళ సంగతి ఒక్కటి. 65వ, 44వ నంబరు జాతీయరహదారులమీద కార్లు ఎంత వేగమున వచ్చునో మీకు తెలియును. వెనుక దీపము లేక, ఎర్ర రిఫ్లెక్టరు లేక, పత్తి వ్రేలాడు ట్రాలీని వారు చూచునప్పటికి ఆగు దూరము దాటియుండును. టైరు పంక్చరయి నిలిపినప్పుడు చెట్టుకొమ్మలు, రాళ్లు అడ్డము పెట్టి, పని తీరినాక వాటిని బాటమీదనే వదలిపోవుట మరియొక దురలవాటు.

గ్రామోద్యోగులకు నా మనవి వేరుగా ఉన్నది. పంచాయతీ కార్యదర్శి, వ్యవసాయ విస్తరణాధికారి కలిసి పత్తి, వరి సీజనునకు ముందు ఒక ఉదయము గ్రామములోని ట్రాలీలవారిని, మేస్త్రీలను, కిరాయికి పిలుచు రైతులను రైతువేదికలో కూర్చుండబెట్టవలెను. ప్రతివాడును తన ట్రాలీ రిజిస్ట్రేషను పత్రము తేవలెను. లేనివాడు ఎవడో అక్కడనే తెలియును. ఉన్నవారికి తీసివేత చేసి, వచ్చిన సరకు బరువును ట్రాలీ ముందు పలకమీద పెద్ద అక్షరములతో రంగుతో వ్రాయించవలెను. తరువాత ఆ ట్రాలీని ఖాళీగా ఒకసారి, వడ్లతో ఒకసారి ధర్మకాంటా ఎక్కించి, ఆ బరువునకు వడ్లు ఎంతవరకు వచ్చునో లోపలి పలకకు ఒక గీత, ఇసుక ఎంతవరకు వచ్చునో దానికన్న చాల క్రిందుగా మరియొక గీత గీయవలెను. చదువురాని కూలికి గూడ గీత తెలియును. అదే కూర్చుండులో ట్రిప్పు కిరాయి మాని క్వింటాలు కిరాయి ఎంతయని తేల్చుకొని, కాగితముమీద వ్రాసి పంచాయతీ గోడకు అంటింపుడు. కాలువకట్ట బాటలున్న గ్రామములవారు, కూలీల బండి ఏ బాటన పోవలెనో, ఏ బాటన పోరాదో గూడ ఆ కాగితములోనే చేర్చుడు. రంగు డబ్బా, కుంచె ఖర్చు ట్రాలీలవారు తలకింత వేసికొందురు. ధర్మకాంటా చీటీలను మాత్రము కార్యదర్శివద్ద ఉంచుకొనుడు. వచ్చే సీజనులో గీత చెరిగిపోయిన ట్రాలీకి మరల గీయుటకు పనికివచ్చును.